కోషీనా, కౌచీనా? ఇంటర్ పిల్లలకి ఉచ్చారణ పట్టీ, సలహా కావాలండి

కోనసీమలో తెలుగు మీడియం నుంచి ఇంటర్ ఎంపీసీకి వచ్చే పిల్లల కోసం గోడకి అంటించే ఒక పట్టీ తయారవుతోందండి. అందులో గణితవేత్తల పేర్లు ఎలా పలకాలో ఉంటుంది. కొన్ని పేర్లకి పేచీ లేదు: యూలర్ కాదు ఆయిలర్, కౌచీ కాదు కోషీ, చెబిషెవ్ కాదు చెబిషోవ్. ‘ఎల్ హాస్పిటల్ (L'Hospital) రూల్’ మాత్రం వదలడం లేదు. పాత ఫ్రెంచి వర్తనిలో ‘ఎస్’ రాసేవారు, పలికేవారు కాదు. ‘హెచ్’ కూడా అంతే. కాబట్టి లోపితాల్.

చిక్కల్లా ప్వాసోఁ (Poisson) దగ్గర. చివర సున్న పెడితే పిల్లలు ‘ప్వాసోమ్’ అంటారు, ‘న్’ పెడితే ముక్కుతో పలికే అచ్చు పోతుంది. అరసున్న (ఁ) సరిగ్గా సరిపోతుంది కానీ ఈ తరానికి అది తెలీదు. ఏది రాయమంటారు? ద మ్వావ్ర్ (de Moivre) చివరి ‘వ్ర్’ నోరు తిరగడం లేదు, ‘మ్వావర్’ అని సడలిస్తే తప్పా?

పేర్ల కన్నా ప్రమాదం సైన్ ఇన్వర్స్ (sin⁻¹) గుర్తు. పైన మైనస్ ఒకటి చూసి ఘాతం అనుకుని తలకిందులు చేస్తారు. 0.5 కి సైన్ ఇన్వర్స్ π/6, అంటే సుమారు 0.524, సైన్ 0.5 రేడియన్లకి వ్యుత్క్రమం సుమారు 2.086. సైన్ స్క్వేర్‌లో 2 నిజంగానే ఘాతం కావడంతో గందరగోళం ఇంకా పెరుగుతుంది (ఈ గుర్తు పెట్టినవాళ్లని అనాలి!). మొదటి నెల సైన్ ఇన్వర్స్‌కే మరో పేరైన ‘ఆర్క్ సైన్’ అనే రాయించి, తర్వాత పాఠ్యపుస్తకం గుర్తుకి మార్చిన మాస్టార్లు ఎవరైనా ఉన్నారా? పరీక్షలో ఇబ్బంది వచ్చిందా?