'స్టేట్ ఆఫ్ గ్రేస్': ఆ ఆఖరి కాల్పులు సినిమాని నిలబెట్టాయా, పడగొట్టాయా?

సెకండ్ షో

ఆదివారం రాత్రి 'స్టేట్ ఆఫ్ గ్రేస్' మూడోసారి చూశాను. రెండు రోజులైనా బుర్రలోంచి పోవట్లేదు, అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నా. కథ మొత్తం చెప్పేస్తాను కాబట్టి చూడనివాళ్ళు ముందు సినిమా చూసి రండి.

1990 సెప్టెంబరులో వచ్చిన హాలీవుడ్ గ్యాంగ్‌స్టర్ సినిమా ఇది. దర్శకుడు ఫిల్ జోవానో. షాన్ పెన్, గ్యారీ ఓల్డ్‌మన్, ఎడ్ హారిస్, రాబిన్ రైట్ నటించారు. సంగీతం ఎన్నియో మోరికోనే. ఇంతమంది ఉండి కూడా అమెరికాలో 20 లక్షల డాలర్లు రాలేదు. అదే నెలలో 'గుడ్‌ఫెల్లాస్' వచ్చింది, 'మిల్లర్స్ క్రాసింగ్' వచ్చింది. ఇక దీన్ని పట్టించుకున్నవాళ్ళెవరు?

న్యూయార్క్‌లో హెల్స్ కిచెన్ అనే పాత ఐరిష్ పేట. టెర్రీ నూనన్ (పెన్) ఏళ్ళ తర్వాత అక్కడికి తిరిగొస్తాడు. చిన్ననాటి స్నేహితుడు జాకీ ఫ్లానరీ (ఓల్డ్‌మన్) చూసి ఎగిరి గంతేస్తాడు, తన అన్న ఫ్రాంకీ (హారిస్) గ్యాంగులో చేర్పిస్తాడు. టెర్రీ పోలీసు మనిషని మనకి తర్వాత తెలుస్తుంది. ఫ్రాంకీకి ఇటాలియన్ మాఫియాతో పొత్తు కావాలి. ఆ పొత్తు కోసం తమతో పెరిగిన స్టీవీనే చంపేస్తాడు. అది ఇటాలియన్ల పనే అనుకుని జాకీ వాళ్ళ మనుషుల్ని కాల్చేస్తాడు. ఇప్పుడు వాళ్ళు జాకీ ప్రాణం అడుగుతారు. ఫ్రాంకీ సొంత తమ్ముణ్ణి చంపి ఆ లెక్క తీర్చేస్తాడు.

ఆ తర్వాత టెర్రీ పోలీసు ఉద్యోగానికి దండం పెట్టి, ఐరిష్‌వాళ్ళ పండగ సెయింట్ పాట్రిక్స్ డే నాడు ఒంటరిగా ఫ్రాంకీ బార్‌లోకి నడుస్తాడు. బయట పండగ ఊరేగింపు, లోపల కాల్పులు.

ఈ ముగింపు చౌకగా ఉందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. సినిమా అంతటిలో టెర్రీ అబద్ధం లేకుండా చేసిన పని అదొక్కటే. మీరేమంటారు?

కృష్ణలంక కుర్రాడు

సినిమా అంటే నాకూ ప్రాణం. ముగింపు మాత్రం తప్పే అంటాను.

ఇందులో బలమైన సీన్ ఏది? ఫ్రాంకీ ఇటాలియన్ పెద్ద బొరెల్లితో మాట్లాడడానికి వెళ్తాడు. చెప్పిన టైముకి తన దగ్గర్నుంచి కబురు రాకపోతే లోపలికి దూరి అందర్నీ కాల్చేయమని జాకీ వాళ్ళకి చెప్పి మరీ వెళ్తాడు. ఇక వీళ్ళు కూర్చుని ఎదురుచూడటమే. గడియారం వంక చూస్తారు. మళ్ళీ చూస్తారు. కబురు లేదు. తుపాకులు సర్దుకుని బయల్దేరతారు. చివరి క్షణంలో ప్రమాదం తప్పిపోతుంది. ఒక్క తూటా పేలలేదు, కానీ నా అరచేతులు తడిసిపోయాయి.

రాసిన డెన్నిస్ మెకింటైర్ నాటకాల మనిషి. మనుషుల్ని ఒక గదిలో కూర్చోబెట్టి టెన్షన్ పుట్టించడం ఆయనకి తెలుసు. అలాంటి కథకి చివర స్లో మోషన్ ఎందుకు? పగిలే సీసాలు, ఎగిరే గాజుముక్కలు, నడుమ ఊరేగింపు డప్పులు. రెండు గంటలపాటు తుపాకీతో ఏదీ తేలదని చెప్పి, చివరి పది నిమిషాల్లో తుపాకీతోనే తేల్చేశారు. ఇది టెర్రీ కథకి ముగింపు కాదండీ, ప్రేక్షకుడి కసి తీర్చడానికి వేసిన ముగింపు.

జెర్సీ బస్సు

నేను రోజూ న్యూజెర్సీ నుంచి బస్సులో వచ్చి పోర్ట్ అథారిటీ బస్టాండులో దిగి, పదో అవెన్యూ వైపు ఆఫీసుకి నడుస్తాను. అంటే ఈ సినిమా పేటలోంచే. ఇప్పుడక్కడ అద్దాల మేడలు, ఖరీదైన కాఫీ షాపులు. పేట పేరుని క్లింటన్ అని మార్చారని సినిమాలో జాకీ మండిపడతాడు కదా, అది కల్పన కాదు. ఇళ్ళు అమ్ముకునేవాళ్ళు, సిటీవాళ్ళు హెల్స్ కిచెన్ అనే పేరు వదిలించుకోవడానికి ఆ పేరు వాడారు. జనం నోట మాత్రం పాత పేరే మిగిలింది.

ఈ కథ వెనకున్న అసలు గ్యాంగు వెస్టీస్. పోలీసులు, పత్రికలవాళ్ళు పెట్టిన పేరది. ఆ పేట బతికిందే హడ్సన్ నది రేవు మీద. కంటైనర్ ఓడలు వచ్చాక పని న్యూజెర్సీ వైపు వెళ్ళిపోయింది. కూలి పనులు పోయాయి కానీ యూనియన్లని, వ్యాపారులని పిండుకు తినే రౌడీలు మిగిలారు. నాయకుడు జిమ్మీ కూనన్. ఇటాలియన్ మాఫియాలోని గాంబినో కుటుంబంతో చేతులు కలిపాడు, మకాం జెర్సీకి మార్చాడు. నది దాటి పెద్ద ఇంట్లో కూర్చున్న ఫ్రాంకీలో ఆయన పోలికలు ఊరికే కనబడవు. కృష్ణలంక గారు చెప్పిన ఆ ఎదురుచూపులు కూడా కూనన్, గాంబినోల భేటీ గురించి చెప్పుకునే కథకి దగ్గరగా ఉంటాయి.

ఇక ద్రోహం సంగతి. కూనన్ కుడిభుజం మికీ ఫెదర్‌స్టోన్. 1985లో జరిగిన ఒక హత్యలో ఇతనికి శిక్ష పడింది. ఆ హత్య చేసింది ఇతను కాదు. గ్యాంగులోనే ఇంకొకడు ఇతనిలా కనబడేట్టు వేషం వేసుకుని చంపాడు. సొంతవాళ్ళే ఇరికించారని అర్థమయ్యాక ఫెదర్‌స్టోన్ ప్రభుత్వం వైపు తిరిగాడు. భార్య రహస్యంగా మాటలు రికార్డు చేసింది. 1986లో ఆ శిక్ష కొట్టేశారు. తర్వాత కోర్టులో ఇతని సాక్ష్యంతో 1988కల్లా కూనన్, మిగతా ముఖ్యులు దోషులుగా తేలారు.

అంటే నిజ జీవితంలో ఈ కథ సాక్షి బోనులో ముగిసింది. ఎదురుగా ఒకప్పటి ప్రాణస్నేహితుడు కూర్చుని ఉంటాడు, వాడి ముందు నోరు విప్పాలి. బార్‌లో కాల్పులకంటే అది వంద రెట్లు భయంకరం. సినిమా ఆ అవకాశం వదులుకుంది. నా ఓటు కృష్ణలంక గారికే.

సెకండ్ షో

జెర్సీ బస్సు గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. చాలా థాంక్స్. కానీ మీరు చెప్పినదాంట్లోనే నా వాదన ఉంది.

ఫెదర్‌స్టోన్‌ని ముందు గ్యాంగు మోసం చేసింది. ఆ తర్వాతే అతను నోరు విప్పాడు. టెర్రీని జాకీ ఏం మోసం చేశాడు? ఏమీ లేదు. వాటేసుకున్నాడు, తన వాటాలో వాటా ఇచ్చాడు. ఆ ఇద్దరూ కలిసి ఆఫీసు తగలబెట్టే సీన్ గుర్తుందా? నేలంతా పెట్రోలు పోసి, ఇంకా లోపల ఉండగానే జాకీ అంటించేస్తాడు, ఎవడు ముందు బయటపడతాడో చూద్దాం అన్నట్టు. మంటల మధ్య పరిగెత్తి బయటికొచ్చి చిన్నపిల్లాడిలా నవ్వుతాడు. ఆ నవ్వులో ఓల్డ్‌మన్‌ని చూడండి, జుట్టు మొహం మీద పడి, కళ్ళు వెలిగిపోతూ. పక్కనే పెన్ కూడా నవ్వుతాడు, కానీ వాడి నవ్వు సగంలో ఆగిపోతుంది. అది నాటకం కాదు, స్నేహం. స్నేహం నిజం కాబట్టే ద్రోహం కూడా అంత నిజం.

సరే, టెర్రీ కోర్టుకెక్కాడనుకుందాం. ఫ్రాంకీ మీద సాక్ష్యం చెప్పాలంటే జాకీ చేసినవీ చెప్పాలి. ఫ్రీజర్‌లో దాచిన తెగిన చేతుల సంగతి చెప్పాలి, అంటించిన మంటల సంగతి చెప్పాలి. పత్రికల్లో జాకీ పేరు ఉన్మాదిగా వస్తుంది. బతికున్నప్పుడు ఒకసారి అమ్మినవాణ్ణి చచ్చాక మళ్ళీ అమ్మడమే కదా? ఆ పని చేయలేకే ఉద్యోగం వదిలేశాడు.

పోలీసుగా వెళ్ళి ఫ్రాంకీని కాలిస్తే అది డ్యూటీ, రేపు మెడల్ ఇస్తారు. ఉద్యోగం వదిలేసి వెళ్తే వెనక ఎవ్వరూ లేరు. చట్టం లేదు, గ్యాంగు లేదు. నూనన్ల అబ్బాయిగా వెళ్ళాడు, అంతే.

ఫిరంగిపురం పిల్ల

మీరెవరూ సినిమా పేరు గురించి మాట్లాడలేదు, నాకు అక్కడే మొదలవుతుంది.

మాది కతోలిక కుటుంబం. రోజూ జపమాలలో 'దేవవర ప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము' అని చెప్పుకుంటూ పెరిగాను. ఆ వరప్రసాదమే ఇక్కడి గ్రేస్. చిన్నప్పుడు జ్ఞానోపదేశం క్లాసులో సిస్టర్ చెప్పేది: చావైన పాపం, అంటే ఘోరమైన పాపం చేస్తే ఆ ప్రసాదం ఆత్మని విడిచిపోతుంది, పాపసంకీర్తనం చేసి, అంటే ఆ పాపం ఫాదర్ ముందు ఒప్పుకుని, మన్నింపు పొందితే తిరిగొస్తుంది. ఆ ప్రసాదంలో ఉండగా ప్రాణం పోవడమే ప్రతి విశ్వాసి కోరిక.

ఇప్పుడు టెర్రీని చూడండి. వాడు ఒప్పుకోలు కోసం సినిమా అంతా వెతుక్కుంటూనే ఉంటాడు. పై అధికారితో గొడవ పడతాడు, తను పోలీసునని, తను ప్రేమించిన కాథ్లీన్‌కి (రాబిన్ రైట్) చెప్పేస్తాడు. చెప్పాల్సిన ఒక్క మనిషికి మాత్రం చెప్పలేదు. జాకీ తెలియకుండానే పోయాడు. మన్నించగలిగినవాడే లేకపోతే పాపసంకీర్తనం ఎవరి ముందు చేస్తాడు?

సెకండ్ షో గారు ఆ కాల్పుల్ని బాకీ తీర్చడం అనుకుంటున్నారు. నాకు అలా అనిపించలేదు. ఒక పునీతుడి పండగ రోజున మనసులో అనుకుని, తుపాకీ నింపుకుని, మనుషుల్ని చంపడానికి వెళ్ళాడు. మా సిస్టర్ లెక్కలో అంతకన్నా చావైన పాపం లేదు. కాబట్టి ఆ పేరు టెర్రీకి దొరికినదాని పేరు కాదు, పోగొట్టుకున్నదాని పేరు. అలా చూస్తే ముగింపు సరైనదే, కానీ మీరు చెప్పిన కారణానికి కాదు.

కృష్ణలంక కుర్రాడు

మీరు చెప్పింది చదివాక ఆ ఊరేగింపు ఎందుకు పెట్టారో కొంత అర్థమైంది. ఇన్నాళ్ళూ అది ఉత్త హంగామా అనుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

అయినా 'డానీ బ్రాస్కో' గుర్తుచేయకుండా ఉండలేను. 1997లో వచ్చింది. అందులోనూ మాఫియాలోకి దూరిన ఎఫ్‌బీఐ మనిషి, తనని నమ్మిన స్నేహితుడు. చివర ఆ స్నేహితుడు తనని చంపడానికే పిలిచారని తెలిసీ, ఒంటి మీద విలువైనవన్నీ తీసి సొరుగులో పెట్టి, పెళ్ళానికి కనబడేట్టు సొరుగు కాస్త తెరిచి ఉంచి వెళ్తాడు. ఇటు ఏజెంట్‌కి ఒక మెడల్, 500 డాలర్ల చెక్కు ఇస్తారు. ఫోటో తీస్తారు. వాడి మొహం చూడలేం. తూటా లేదు, రక్తం లేదు, ద్రోహం బరువంతా ఆ చెక్కులో ఉంది. టెర్రీకి అలాంటి బతుకు ఇవ్వాల్సింది. చావడానికి వెళ్ళడం తేలిక, బతికి మొయ్యడం కష్టం.

సెకండ్ షో

బ్రాస్కో సొరుగు సీన్‌కి నేనూ దండం పెడతాను. కానీ అక్కడ ద్రోహి ఒక్కడే. ఇక్కడ ఇద్దరు. ఒకడు అన్న, ఒకడు స్నేహితుడు, ఇద్దరూ జాకీని అమ్ముకున్నవాళ్ళే. టెర్రీ ఆ గ్యాంగులోకి వచ్చిందే వాళ్ళని పట్టివ్వడానికి. అందుకే ఫ్రాంకీ మీద కోపం వాడి మీద వాడికున్న కోపం కూడా. తిరిగి రావాలని వెళ్ళిన మనిషిలా వాడు నాకు ఒక్క క్షణం కూడా కనబడలేదు.

ఫిరంగిపురం పిల్ల గారూ, 'మన్నించగలిగినవాడే లేకపోతే' అన్న మాట దగ్గర ఆగిపోయాను. బాకీ అన్న నా మాట సరిపోదు. తీర్చడానికి అవతల మనిషి ఉండాలి కదా.

స్లో మోషన్ ఎక్కువైందని మాత్రం ఒప్పుకుంటున్నా. 'బ్లేడ్ రన్నర్' కెమెరామన్ జోర్డన్ క్రోనెన్‌వెత్ పనితనం ఉంది కదా అని కాస్త మురిసిపోయారు.

మధ్యాహ్నం ఆట

ఇంతసేపు మాట్లాడారు, కాథ్లీన్ పేరు ఒక్కసారే వచ్చింది. అదీ టెర్రీ ఒప్పుకోలు వినడానికి.

ఆమె ఫ్లానరీల ఆడపడుచు. ఆ ఇంటి రక్తం తనకొద్దని ముందే దూరంగా బతుకుతోంది. టెర్రీ వచ్చి మళ్ళీ లాగాడు. ప్రేమించాడు, ఆ తర్వాత పోలీసునని చెప్పాడు. ఆ మాట విన్న క్షణం నుంచి ఆమె నోరు తెరిస్తే టెర్రీ చస్తాడు, మూసుకుంటే తోడబుట్టినవాళ్ళు జైలుకి పోతారు. ఈ సినిమాలో నిజంగా విధేయతకి పరీక్ష ఎదుర్కొన్నది ఎవరండీ? టెర్రీనా, ఆమెనా?

ఒక తోబుట్టువుని ఇంకో తోబుట్టువు చంపాడు. ఆ మిగిలినవాణ్ణి తను ప్రేమించినవాడు చంపాడు. ఇదంతా జరుగుతున్నప్పుడు ఆమె ఊరేగింపు జనంలో నిలబడి ఉంటుంది. లోపల తూటాల మధ్య కెమెరా రెండు మూడుసార్లు ఆమె దగ్గరికి వస్తుంది, వెంటనే వెళ్ళిపోతుంది. ఆ మొహం మీద ఇంకాస్త ఆగి ఉంటే ఈ ముగింపు గురించి ఎవ్వరూ గొడవపడేవాళ్ళు కాదని నా నమ్మకం. జాకీకి న్యాయం చేయడానికి వెళ్ళాడంటున్నారు సరే. జాకీ చెల్లో అక్కో, ఆమెకి మిగిలిన ఒక్క నెత్తుటి బంధువునీ తీసేసి చేసేది ఏం న్యాయం?

జెర్సీ బస్సు

ఫెదర్‌స్టోన్ కథలో భార్య ధైర్యం లేకపోతే అతను జైల్లోనే కుళ్ళిపోయేవాడు. ఆ విషయం నేను ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను. మధ్యాహ్నం ఆట గారి పోస్టు చదివాక నాకే తప్పు చేసినట్టుంది.

సెకండ్ షో

మధ్యాహ్నం ఆట గారూ, మూడుసార్లు చూశాను. మూడుసార్లూ ఆ ఊరేగింపు షాట్లు వచ్చినప్పుడు మళ్ళీ బార్‌లోకి ఎప్పుడు వెళ్తుందా అని చూశానే తప్ప ఆమె మొహం సరిగ్గా గుర్తు లేదు. మీ ప్రశ్నకి ఇప్పటికిప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఈ రాత్రి ఆఖరి పావుగంట మళ్ళీ పెడతాను, ఈసారి బయట నిలబడ్డ ఆమెనే చూస్తాను. చూశాక ఇక్కడే రాస్తాను.