వరంగల్ చూడటానికి రోజంతా ఆటో మాట్లాడుకోవాలా, షేర్ ఆటోలు చాలవా?

మంచిర్యాల మామ:
అమ్మానాన్నలను తీసుకుని శని, ఆదివారాలు వరంగల్ వస్తున్నాం. ఖిల్లా, వేయి స్తంభాల గుడి, భద్రకాళి గుడి, వీలైతే రామప్ప గుడి. మా బావ రోజంతా ఆటో మాట్లాడుకోమంటున్నాడు. ఆఫీసులో ఒకాయన అది దండగ, షేర్ ఆటోలు చాలంటున్నాడు. అక్కడుండేవాళ్లు మీరేమంటారు?

శివనగర్ వాసి:
ముమ్మాటికీ దండగే. వరంగల్ స్టేషన్ నుంచి హన్మకొండ చౌరస్తా దాకా ఎంజీఎం ఆసుపత్రి, ములుగు రోడ్డు మీదుగా షేర్ ఆటోలు, సిటీ బస్సులు పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాయి. వేయి స్తంభాల గుడి ఆ దారిలోనే. పైగా 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు కదా, తెలంగాణ అడ్రస్‌తో ఆధార్ ఉంటే మీ అమ్మగారికి పైసా ఖర్చు కాదు.

కాజీపేట జంక్షన్:
అన్నా, పెద్దవాళ్లు వస్తున్నారని ఆయన మొదటి లైన్లోనే చెప్పాడు. షేర్ ఆటోలో వెనక నలుగురిని కుక్కి, డ్రైవర్‌కు అటొకరిని ఇటొకరిని కూర్చోబెట్టాక ఆ నాన్నగారు మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలి?

అసలు బయటివాళ్లకు అర్థం కానిది ఒకటుంది. ఇది ఒక ఊరు కాదు. కాజీపేట, హన్మకొండ, వరంగల్ ఒకదాని పక్కన ఒకటి పెరిగి కలిసిపోయాయి. 2021 నుంచి జిల్లాలు కూడా వేరు: హన్మకొండ ఒకటి, వరంగల్ ఒకటి. భద్రకాళి, వేయి స్తంభాలు ఒక పక్క. ఖిల్లా మాత్రం వరంగల్ స్టేషన్‌కు అవతల, అండర్ బ్రిడ్జి దాటి శివనగర్ మీదుగా పోవాలి. మెయిన్ రోడ్డు మీద ఉన్నంత తేలిగ్గా అటు బండ్లు దొరకవు.

లోపల ఇంకో కథ. కోట అంటే ఒక గేటు, ఒక టికెట్ అనుకుని వస్తారు. బయట మట్టికోట, లోపల రాతికోట, మధ్యలో ఇళ్లు, పొలాలు. రాతికోట గుమ్మంలో రోడ్డు మెలిక తిరుగుతుంది, ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు ఆగాల్సిందే. కీర్తి తోరణాలనే నాలుగు రాతి ద్వారాలు, ఖుష్ మహల్ అనే పాత కట్టడం దగ్గరదగ్గరే, కానీ మట్టికోట కూడా చూస్తామంటే పెద్దవాళ్లు నడవలేరు. అందుకని నా లెక్క: ఊళ్లో బస్సు, ఖిల్లాకు మాత్రం ఆటో, రానూపోనూ.

మూడు చక్రాలు:
ఖిల్లా రూట్లో ఆటో నడుపుతాను కాబట్టి చెప్తున్నా. రోజంతా అంటే మాకూ గిట్టదు, గుడి ముందు గంటలు గంటలు ఖాళీగా కూర్చోవాలి. గొడవలొచ్చేది రేటు దగ్గర కాదు. "ఖిల్లా" అని ఒక్క ముక్క మాట్లాడుకుని ఎక్కుతారు, తోరణాల దగ్గర దింపగానే మట్టికోట ఎవరు చూపిస్తారని అడుగుతారు. ఎక్కడెక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో ఎక్కకముందే చెప్పండి. మళ్లీ బేరం ఉండదు.

శివనగర్ వాసి:
రానూపోనూ ఆటోకు ఒప్పుకుంటా. కానీ ఖిల్లా వైపు బండ్లే దొరకవంటే ఒప్పుకోను, మేమంతా రోజూ ఎట్లా తిరుగుతున్నాం?

కాజీపేట జంక్షన్:
మీకు ఆటోవాళ్లంతా తెలిసినోళ్లే, చెయ్యెత్తితే ఆగుతారు. చీకటి పడ్డాక కొత్తవాళ్ల పరిస్థితి వేరు.

ములుగు కోడలు:
రామప్ప సంగతి ఎవరూ ఎత్తలేదు. పాలంపేట ములుగు జిల్లాలో ఉంది, హన్మకొండ నుంచి అరవై కిలోమీటర్లు పైనే. బస్సులో పోవచ్చు, కానీ జంగాలపల్లి దగ్గర దిగి మళ్లీ ఆటో వెతుక్కోవాలి. పెద్దవాళ్లతో అయితే కారు మాట్లాడుకోండి, పొదుపు ఊళ్లో చేసుకోవచ్చు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక సెలవు రోజుల్లో జనం బాగా పెరిగారు, కాబట్టి పొద్దున్నే బయలుదేరండి. గుడి తూర్పు ముఖం. చూరు కింద మదనికలని నల్లరాతి స్త్రీ శిల్పాలున్నాయి, పొద్దుటి ఎండలో వాటి నగల చెక్కడం కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

మంచిర్యాల మామ:
మేం భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌కు వస్తున్నాం. రూం వరంగల్ స్టేషన్ దగ్గర చూడమంటారా?

కాజీపేట జంక్షన్:
భాగ్యనగర్ వరంగల్ రాదు, సికింద్రాబాద్ వైపు పోతుంది, మీరు కాజీపేటలోనే దిగిపోవాలి. విజయవాడ వైపు పోయే బండి అయితేనే వరంగల్ స్టేషన్. రూం హన్మకొండలో తీసుకోండి, రామప్పకు ములుగు రోడ్డు అక్కడి నుంచే. శనివారం ముందు భద్రకాళి కానివ్వండి, మధ్యాహ్నం గుడి మూస్తారు. ఎండ తగ్గాక ఖిల్లా.

శివనగర్ వాసి:
హన్మకొండలో రూం అయితే ఖిల్లాకు ఆటో ఖర్చు పెరుగుతుంది, అది కూడా చెప్పు మరి. వరంగల్ స్టేషన్ దాకా సిటీ బస్సులో వచ్చి, అక్కడ మాట్లాడుకోండి.