ఊర్లోకి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, ఎక్కడికి పోతోంది: ఎలా లెక్క కట్టాలి?

తోతాపురి తోట:
మాది బంగారుపాళ్యం పక్కన చిన్న ఊరు. మామిడి, పాడి, బెంగళూరులో డ్రైవర్లుగా, సెక్యూరిటీ గార్డులుగా చేసేవాళ్లు పంపే డబ్బు, ఇవే మాకు ఆధారం. 2025 సీజన్‌లో తోతాపురి మామిడి కిలో 12 రూపాయలన్నారు: గుజ్జు ఫ్యాక్టరీ ఇచ్చేది 8, ప్రభుత్వం ఇచ్చేది 4. కాయల ట్రాక్టర్లు ఫ్యాక్టరీల ముందు బారులు తీరి నిలబడ్డాయి. రేటు పడిన ఆ దెబ్బ తోటలున్నవాళ్లతో ఆగలేదు, మా ఊరి అంగడి దాకా, టైలర్ దాకా వచ్చింది. ఊరు మామిడి మీద ఎంత ఆధారపడి ఉందో లెక్కతో గ్రామసభలో పెట్టాలని ఉంది. నేను చదివింది బీకాం. జిల్లా గణాంకాల పుస్తకంలో మా ఊరు విడిగా కనబడదు. ఏ పద్ధతి వాడాలి?

ఎస్వీయూ పీజీ:
లొకేషన్ కోషెంట్ చూడండి. మీ ఊరి పనివాళ్లలో ఒక రంగం వాటాను రాష్ట్రంలో అదే రంగం వాటాతో భాగించాలి. 1 దాటితే మీ ఊరు ఆ పని మీద ఎక్కువ ఆధారపడినట్టు. ఊరి అంకెలు 2011 జనాభా లెక్కల్లో దొరుకుతాయి. అయితే అందులో రకాలు నాలుగే: సాగుదారులు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమ, ఇతరులు. మామిడి విడిగా ఉండదు. 2013-14 ఆర్థిక గణనలో పంటల సాగును అసలు లెక్కలోకి తీసుకోలేదు. ఇంకోటి, 2022 ఏప్రిల్ 4కు ముందటి చిత్తూరు జిల్లా అంకెల్లో తిరుపతి, మదనపల్లె కూడా ఉంటాయి. ఇప్పటి జిల్లాతో పోల్చాలంటే మండలాల వారీగా కూడుకోవాలి.

పలమనేరు అక్క:
తమ్ముడూ, ఆ భాగహారం అవసరమే, కాదనను. కానీ నువ్వు అడుగుతున్నది డబ్బు నడక గురించి. పొదుపు సంఘాల పుస్తకాలు చాన్నాళ్లు రాసినదాన్ని కాబట్టి చెప్తున్నా, ముందు నేల మీద మొదలుపెట్టు.

రచ్చబండ దగ్గర పన్నెండు నెలలకు పన్నెండు గళ్లు గీయి. చింతగింజలు ఇచ్చి, ఏ నెలలో చేతికి ఎంత వస్తే అన్ని గింజలు పెట్టమను. మగవాళ్లతో ఒకసారి, ఆడవాళ్లతో వేరేగా ఇంకోసారి చేయించు. మా దగ్గర మగవాళ్లు గింజలన్నీ జూన్, జూలైలోనే పోశారు. ఆడవాళ్లు పాల బిల్లు గుర్తుపెట్టుకుని ప్రతి నెలలోనూ పెట్టారు. సంఘం కంతు కట్టేది ఆ పాల డబ్బుతోనే. ఈ తేడా ఏ గణాంకాల పుస్తకంలోనూ దొరకదు.

తర్వాత తోటల సంగతి. ఎవరు సొంతంగా ర్యాంపుకు (కాయలు కొనే చోటుకు) తోలుతున్నారు, ఎవరు పూత మీదే వ్యాపారికి గుత్తకు ఇచ్చేశారు అనేది తప్పకుండా అడుగు. రేటు పడితే మొదటివాడికి అదే ఏడాది దెబ్బ, రెండోవాడికి వచ్చే ఏడాది గుత్త తగ్గినప్పుడు దెబ్బ. ఇద్దర్నీ ఒకే లెక్కలో కలిపితే నీ వాదన గ్రామసభలో నిలబడదు. ఎన్ని ఎకరాల్లో మామిడి ఉందో ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వం చేసే పంటల ఆన్‌లైన్ నమోదులో ఉంటుంది, సచివాలయంలో అడుగు. ఉపాధి హామీ కూలి చెల్లింపులు పంచాయతీ వారీగా వెబ్‌సైట్‌లోనే కనిపిస్తాయి.

అంగడి, టైలర్ అన్నావు కదా, దానికి ఎల్ఎం3 (లోకల్ మల్టిప్లయర్ 3) అని ఒక పద్ధతుంది, వచ్చిన డబ్బు ఊర్లోనే మూడు అంచెల దాకా ఎంత తిరిగిందో కొలుస్తుంది. లండన్‌లోని న్యూ ఎకనామిక్స్ ఫౌండేషన్ వాళ్లు తయారుచేశారు. ఉదాహరణకు కాయలమ్మిన 100 రూపాయల్లో 60 ఊర్లోనే కూలికి, అంగడికి ఖర్చయ్యాయనుకో. ఆ 60 అందుకున్నవాళ్లు మళ్లీ 30 ఊర్లోనే ఖర్చుపెట్టారనుకో. మూడూ కూడితే 190, దాన్ని 100తో భాగిస్తే 1.9. పురుగుమందులు, దాణా బయట కొనేకొద్దీ ఈ సంఖ్య 1 వైపు దిగుతుంది. మామిడికి, పాలకు, బెంగళూరు డబ్బుకు మూడింటికీ విడివిడిగా కట్టి చూడు.

తోతాపురి తోట:
అక్కా, చాలా థ్యాంక్స్. ఆదాయం అడిగితే పథకం పోతుందేమోనని ఎవరూ నిజం చెప్పరు. అప్పుల సంగతైతే అసలే చెప్పరు. ఎలా?

పలమనేరు అక్క:
ఆదాయం ఎంతని నేరుగా అడగొద్దు. బియ్యం, స్కూల్ ఫీజు, దాణా, మందులు, వడ్డీ, చీటీ అని ఖర్చులు వరుసగా అడుగు. పోయిన పండగ నుంచి ఈ పండగ దాకా అంటే వాళ్లకు గుర్తుంటుంది. చేతికొచ్చినట్టు చెప్పినదానికి, ఖర్చయినదానికి ఉన్న తేడా చూస్తే అప్పు చాలావరకు తేలుతుంది. ఇంటికెళ్లి అడుగు, రచ్చబండ దగ్గర కాదు. కాగితం మీద పేర్లు రాయకు, ఇంటికో అంకె వేసుకో. కౌలు రైతుల్ని, తోట లేని కూలీల్ని ముందు కలువు. రేటు పడిన ఏడాది వాళ్లకు ఎన్ని పనిరోజులు తగ్గాయో తెలిస్తే గ్రామసభలో నీ మాటకు బలం వస్తుంది.