"గ్లోబల్ ట్రాక్" ఫీజు కట్టాలా? కాలేజీ ఎంఓయూలు నమ్మాలా, డిగ్రీ అయ్యాక నేరుగా స్కాలర్‌షిప్‌కి వెళ్ళాలా?

మారతహళ్ళి_నాన్న
అందరికీ నమస్కారం. మా అబ్బాయికి బెంగళూరు శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. మామూలు ఫీజు కాక "గ్లోబల్ ట్రాక్" అని ఏడాదికి లక్షన్నర అదనంగా అడుగుతున్నారు. నలభై విదేశీ యూనివర్సిటీలతో ఎంఓయూలున్నాయట, మూడో ఏడు ఒక సెమిస్టర్ జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో చదివిస్తారట. నాలుగేళ్ళకి ఆరు లక్షలు. కట్టమంటారా? లేక ఆ డబ్బు పక్కన పెట్టి, డిగ్రీ అయ్యాక స్కాలర్‌షిప్ మీద పంపడం మేలా? శుక్రవారం ఆఖరు తేదీ.

తిప్పసంద్ర_సుజాత
కట్టకండి. ఎంఓయూ పెళ్ళిచూపుల్లాంటిది, లగ్నపత్రిక కాదు. "ఇద్దరం కలిసి పనిచేద్దామనుకుంటున్నాం" అని రాసుకున్న కాగితం అది. పిల్లలు నిజంగా వెళ్ళాలంటే దాని కింద స్టూడెంట్ ఎక్స్ఛేంజి అగ్రిమెంట్ విడిగా ఉండాలి. అందులో ఏడాదికి ఎన్ని సీట్లు, ఏ బ్రాంచికి, ట్యూషన్ ఎవరు కట్టాలి, ఎప్పటిదాకా చెల్లుతుంది అన్నవి ఉంటాయి. నలభై ఎంఓయూల్లో అలాంటి అగ్రిమెంటు ఎన్నిటికుందో అడగండి, సంగతి తెలిసిపోతుంది.

డిగ్రీ తర్వాత దారులు చాలా ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ నిధులతో నడిచే ఎరాస్మస్ ముండుస్ జాయింట్ మాస్టర్స్‌లో స్కాలర్‌షిప్ వస్తే కోర్సు ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు 24 నెలల దాకా ఇస్తారు. కనీసం రెండు దేశాల్లో చదువు. దరఖాస్తులు ఎక్కువ కోర్సులకి అక్టోబరు, జనవరి మధ్యలో తీసుకుంటారు, ఆఖరి ఏడు చదువుతున్నవాళ్ళూ పెట్టుకోవచ్చు. జర్మనీవాళ్ళ డాడ్ (DAAD) మాస్టర్స్ స్కాలర్‌షిప్ నెలకు 992 యూరోలు. వీటిలో దేనికీ మీ కాలేజీ ఎంఓయూ అడగరు.

వేళచ్చేరి_క్రెడిట్స్
సుజాత గారూ, కాలేజీలో ఎక్స్ఛేంజి కోఆర్డినేటర్ పని చేసేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఒక్క కాలేజీ బ్రోచర్ చూసి ఎక్స్ఛేంజి మొత్తాన్నీ కొట్టిపారెయ్యకండి. అసలైన ఎక్స్ఛేంజిలో అక్కడ ట్యూషన్ ఉండదు. పిల్లవాడు ఇక్కడి కాలేజీకి తన ఫీజు కడతాడు, అవతలివాళ్ళ పిల్లలు వాళ్ళ దగ్గర కట్టి ఇక్కడికొస్తారు. ఫ్రాన్స్‌లో ప్రైవేటు ఇంజనీరింగ్ స్కూలు ఫీజు ఎంతో చూసినవాళ్ళకి ఈ మాఫీ విలువ తెలుస్తుంది.

ఇంకోటి. మీరు కాదంటున్న ఆ ఒప్పందం లేకపోతే ఫ్రాన్స్ ప్రభుత్వం ఇచ్చే షార్పాక్ ఎక్స్ఛేంజి స్కాలర్‌షిప్‌కి అర్హతే లేదు. అది ఒప్పందం ఉన్న సంస్థల మధ్య వెళ్ళే పిల్లలకే. అదే ప్రభుత్వం ఇచ్చే ఐఫెల్ స్కాలర్‌షిప్‌కైతే విద్యార్థి నేరుగా దరఖాస్తు పెట్టలేడు, ఫ్రెంచి సంస్థే పేరు పంపాలి. ఒక సెమిస్టర్ తమ దగ్గర చదివిన పిల్లవాడి పేరు పంపుతారా, ముక్కూమొహం తెలియనివాడి పేరు పంపుతారా?

పెరంబూర్_99
ఐఫెల్‌లో ట్యూషన్ కలవదు. అది కూడా చెప్పండి సార్.

తిప్పసంద్ర_సుజాత
> అక్కడ ట్యూషన్ ఉండదు

ఈ మాట వినే తల్లిదండ్రులు ఉచితం అనుకుని సంతకం పెట్టేస్తున్నారు. జర్మనీ స్టూడెంట్ వీసాకి బ్లాక్డ్ అకౌంట్ (అక్కడి ఖర్చులకి ముందే డబ్బు వేసి ఉంచే ఖాతా) చూపాలి. 2024 సెప్టెంబరు నుంచి నెలకు 992 యూరోల లెక్క. ఆరు నెలలకి 5,952. ఐదున్నర లక్షల పైమాటే, అదీ వీసాకి ముందే ఆ ఖాతాలో పడాలి. విమానం, ఇన్సూరెన్స్, వీసా ఫీజు, హాస్టల్ డిపాజిట్ దీనికి అదనం. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో అసలే ట్యూషన్ లేదు కదా, మీరు మాఫీ చేసిందేమిటి?

వేళచ్చేరి_క్రెడిట్స్
నేను ట్యూషన్ మాఫీ అన్నాను, ఉచితం అనలేదు. నేను అనని మాటకి నన్ను నిలదీయకండి. జర్మనీలో ట్యూషన్ లేదన్నది కూడా పూర్తిగా నిజం కాదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటివాళ్ళ దగ్గర సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024-25 శీతాకాలం సెమిస్టర్ నుంచి కొత్తగా చేరే మాస్టర్స్ వాళ్ళ దగ్గర కోర్సును బట్టి సెమిస్టర్‌కి 4,000 లేదా 6,000 యూరోలు వసూలు చేస్తోంది. పాత లెక్కలతో పిల్లల్ని పంపితే ఇబ్బంది పడేది వాళ్ళే.

తిప్పసంద్ర_సుజాత
ఎక్కువ యూనివర్సిటీల్లో లేదు అన్నది నిజమే కదా? 992 ఇంటూ 6 తప్పా? దానికి జవాబు చెప్పండి.

కె.ఆర్.పురం_కుర్రాడు
ఇద్దరూ డబ్బు దగ్గరే ఆగిపోయారు. మాకు భయమల్లా సెమిస్టర్ తేదీలు. ఏడో సెమిస్టర్‌లో వెళ్తే ప్లేస్‌మెంట్లు పోతాయా?

వేళచ్చేరి_క్రెడిట్స్
మంచి ప్రశ్న తమ్ముడూ, ఎక్స్ఛేంజి చెడేది సాధారణంగా ఇక్కడే.

జర్మనీలో శీతాకాలం సెమిస్టర్ క్లాసులు అక్టోబరులో మొదలై ఫిబ్రవరి దాకా నడుస్తాయి, ఆ తర్వాత పరీక్షలు. మన దగ్గర బేసి సెమిస్టర్ ఆగస్టుకల్లా మొదలై డిసెంబరులో అయిపోతుంది, సరి సెమిస్టర్ జనవరిలో మొదలు. ఐదో సెమిస్టర్‌కి జర్మనీ వెళ్ళినవాడు అక్కడ పరీక్షలు రాస్తున్నప్పుడే ఇక్కడ ఆరో సెమిస్టర్ మొదటి ఇంటర్నల్ అయిపోతుంది. హాజరు 75 శాతం దగ్గర చిక్కుకుంటాడు. ఏడో సెమిస్టర్‌కి వెళ్తే సరిగ్గా ప్లేస్‌మెంట్ల సీజన్ పోతుంది. ఫ్రాన్స్‌లో సెప్టెంబరు నుంచి జనవరి కాబట్టి కొంత నయం. అన్నిటికన్నా తేలిక ఎనిమిదో సెమిస్టర్ ప్రాజెక్టు అక్కడి ల్యాబులో చెయ్యడం. మ్యాచ్ చెయ్యాల్సిన సబ్జెక్టులు తక్కువ, ప్లేస్‌మెంట్లు అప్పటికే అయిపోయి ఉంటాయి.

రెండోది క్రెడిట్లు. యూరప్‌లో సెమిస్టర్‌కి 30 ఈసీటీఎస్ (అక్కడి క్రెడిట్ల లెక్క). మన దగ్గర 20, 22 క్రెడిట్లు. వెళ్ళేముందే లెర్నింగ్ అగ్రిమెంట్‌లో అక్కడి ఏ సబ్జెక్టు ఇక్కడి ఏ సబ్జెక్టుకి బదులో రాసి విద్యార్థి, ఇక్కడి కాలేజీ, అక్కడి యూనివర్సిటీ ముగ్గురూ సంతకం పెట్టాలి. కోఆర్డినేటర్ సంతకం ఒక్కటే చాలదు, బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ తేల్చే కమిటీ) ఆమోదం, ఎగ్జామ్స్ కంట్రోలర్‌కి దాని కాపీ ఉండాలి. తీరా అక్కడికెళ్ళాక ఒక సబ్జెక్టు ఇంగ్లీషులో చెప్పడం లేదని తెలుస్తుంది, పిల్లవాడు ఇంకోటి తీసుకుంటాడు, ఆ మార్పు కాగితం మీదకి రాదు. తిరిగొచ్చాక ఆ సబ్జెక్టు ఇక్కడ అరియర్ (పాసవ్వని సబ్జెక్టు) కింద పడుతుంది. మార్పు జరిగిన వారంలోనే కొత్త కాగితం మీద ముగ్గురి సంతకాలూ తీసుకోవాలి.

మూడోది గ్రేడ్లు. జర్మనీలో 1.0 అన్నిటికన్నా మంచిది, 4.0 పాస్. వాటిని ఇక్కడ సీజీపీఏలోకి మార్చమని అడగకండి. క్రెడిట్లు మాత్రం కలిపి గ్రేడు లెక్కలోకి తీసుకోకుండా ఉండేలా ముందే రాయించుకోండి.

తిప్పసంద్ర_సుజాత
ఇంత తెలిసిన మీరే ఈ ప్రమాదాలన్నీ రాశారు. ఇవన్నీ దాటి ఒక సెమిస్టర్‌కి వెళ్ళేకంటే, అదే శ్రమ మాస్టర్స్ దరఖాస్తు మీద పెడితే పోయిందేమిటి? జర్మన్ గ్రేడ్ లెక్క ఉదాహరణకి తీసుకుందాం. గరిష్ఠ మార్కులోంచి మన మార్కు తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకీ ఉన్న తేడాతో భాగించి, మూడుతో హెచ్చించి, ఒకటి కలపాలి. 7.5 సీజీపీఏ ఉన్నవాడికి ట్రాన్స్‌క్రిప్ట్‌లో (కాలేజీ ఇచ్చే మార్కుల జాబితాలో) పాస్ గ్రేడ్ 4 అని ఉంటే 2.25 వస్తుంది. 5 అని ఉంటే 2.5. చాలా కోర్సులు 2.5 దగ్గర గీత గీస్తాయి. పాస్ మార్కు ఎంతో కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయించుకోవాలని ఏ గ్లోబల్ ట్రాకూ పిల్లలకి చెప్పడం లేదు. డిగ్రీ కోసం జర్మనీ వెళ్ళాలంటే 2022 నవంబరు నుంచి ఏపీఎస్ (మన చదువు పత్రాల్ని పరిశీలించి ఇచ్చే) సర్టిఫికెట్ తప్పనిసరి, ఫీజు 18,000. అది చేతికి రావడానికి పట్టే సమయం గురించీ చెప్పరు. లక్షన్నర మాత్రం తీసుకుంటారు.

మీలాంటి కోఆర్డినేటర్లు ఫొటోలకి నిలబడతారు, ట్రాన్స్‌క్రిప్ట్ రాకపోతే ఫోనెత్తరు. విదేశీ మార్కులు ఎక్కించలేదని రిజల్ట్ విత్‌హెల్డ్‌లో పెట్టి, వచ్చిన మాస్టర్స్ ఆఫర్‌కి డిగ్రీ సర్టిఫికెట్ గడువులోగా ఇవ్వలేకపోయిన కాలేజీ కూడా ఉంది ఇదే ఊళ్ళో.

వేళచ్చేరి_క్రెడిట్స్
మాట జాగ్రత్త మేడం. ఒక కాలేజీ చేసిన పాపానికి ఈ పని చేసేవాళ్ళందరినీ తిట్టే హక్కు మీకు లేదు. రాత్రి పదకొండింటికి అవతలి యూనివర్సిటీకి పిల్లల పేర్లతో నామినేషన్ మెయిల్ పంపేది మేమే. గడువు దాటితే ఆ సీటు ఆ ఏటికి మురిగిపోతుంది.

మోడరేటర్
వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు. అడిగినాయనకి శుక్రవారం గడువుంది.

తిప్పసంద్ర_సుజాత
సరే, వ్యక్తిగతంగా అనను. కానీ అసలు మాట అంటాను. ఆ ట్రాక్‌లో అరవై మంది దగ్గర డబ్బు తీసుకుంటారు, విమానం ఎక్కేది ఇద్దరు ముగ్గురు. ఎవరా ఇద్దరు? అరియర్స్ లేనివాళ్ళలో, వారంలో ఆరు లక్షలు ఖాతాలో చూపగలిగినవాళ్ళు. అప్పుచేసి లక్షన్నర కట్టినవాడి డబ్బుతో ఆ ఆఫీసు నడుస్తుంది, సీటు మాత్రం ఇంకొకడికి పోతుంది. నాకున్న కోపం ఎక్స్ఛేంజి మీద కాదు, ఈ పంపకం మీద.

వేళచ్చేరి_క్రెడిట్స్
ఈ మాట మొదటే అనుంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఇప్పుడు నా మాట కూడా వినండి. మీ స్కాలర్‌షిప్‌లు ఎవరికి పోతున్నాయి? అమెరికా ఇచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కి మూడేళ్ళ ఉద్యోగ అనుభవం కావాలి, ఆపైన జె-1 వీసాతో రెండేళ్ళు స్వదేశంలో ఉండాలన్న షరతు. బ్రిటన్ ఇచ్చే చెవెనింగ్‌కి 2,800 గంటల ఉద్యోగ అనుభవం, తిరిగొచ్చాక రెండేళ్ళు ఇక్కడే ఉండాలి. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివినవాడు మూడేళ్ళు ఆగి, ఇంగ్లీషులో నాయకత్వం మీద వ్యాసాలు రాసి, వాటిని దిద్దేవాళ్ళని వెతుక్కోవాలి. తిరువళ్ళూరు నుంచో చిత్తూరు నుంచో బస్సెక్కి వచ్చే పిల్లవాడికి తన కాలేజీ దాటి సిఫారసు లేఖ ఇచ్చే ప్రొఫెసర్ ఎవరూ తెలియరు. ఒక్క సెమిస్టర్ బయటికి వెళ్తే ఆ లేఖ వస్తుంది. ఆ ఒక్క తలుపూ తెరవగలిగేది కాలేజీయే, అందుకే కాలేజీ చేతిలో ఈ పని ఉండాలంటాను.

డబ్బు లేనివాడికి ఎరాస్మస్ ప్లస్ క్రెడిట్ మొబిలిటీ (డిగ్రీ మధ్యలో కొన్ని నెలలు యూరప్‌లో చదవడానికి సాయం) ఉంది. నెలకు 800 నుంచి 900 యూరోలు, ప్రయాణ ఖర్చు వేరుగా ఇస్తారు. దానికి నిధులు అడిగేది యూరప్ యూనివర్సిటీ, మనం కాదు. ప్రాజెక్టు రెండు మూడేళ్ళలో అయిపోతుంది, డబ్బు ఆగిపోతుంది, గోడ మీద ఎంఓయూ మాత్రం అలాగే ఉంటుంది. అందుకే "ఒప్పందం ఉందా" అని కాకుండా "ఈ ఏడు నిధులున్నాయా, ఎన్ని నెలలకి" అని అడగాలి.

తిప్పసంద్ర_సుజాత
కాలేజీ చేతిలో ఉండాలంటే ఆ లక్షన్నర అందరి దగ్గరా తీసుకోవడం మానమనండి. నామినేట్ అయినవాడి దగ్గరే సర్వీసు ఫీజు తీసుకుని, అందులోంచి పేదవాడి బ్లాక్డ్ అకౌంట్‌కి సాయం చెయ్యమనండి. అప్పుడు నేనే పిల్లల్ని పంపుతాను.

వేళచ్చేరి_క్రెడిట్స్
ఇద్దరి దగ్గర తీసుకున్న ఫీజుతో క్రెడిట్ మ్యాపింగ్‌కి ఒక మనిషిని కూడా పెట్టలేరు. అందరి దగ్గరా కొంత తీసుకోక తప్పదు. లక్షన్నర మాత్రం దోపిడీయే, అది ఒప్పుకుంటాను.

తిప్పసంద్ర_సుజాత
కొంత కూడా వద్దు. అక్కడ మీతో కలవను.

కె.ఆర్.పురం_కుర్రాడు
ఎస్సీ కుటుంబాల వాళ్ళు ఇది చదువుతుంటే, కేంద్ర సామాజిక న్యాయ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ చూడండి. ఏడాదికి 125 స్లాట్లు, వాటిలో 115 ఎస్సీలకి. కుటుంబ ఆదాయం 8 లక్షలు మించకూడదు, వయసు 35 లోపు, మాస్టర్స్‌కీ పీహెచ్‌డీకీ. ఉద్యోగ అనుభవం తప్పనిసరి కాదు.

పెరంబూర్_99
నాన్న గారూ, ఆ ట్రాక్ ట్విన్నింగా (కోర్సులో కొంత విదేశీ సంస్థలో చదివేది), డ్యూయల్ డిగ్రీయా (రెండు సంస్థలూ డిగ్రీలిచ్చేది), ఉత్త ఎక్స్ఛేంజా అడిగారా? 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ట్విన్నింగ్‌లో విదేశీ క్రెడిట్లు 30 శాతం మించకూడదు, డిగ్రీ మన సంస్థ ఒక్కటే ఇస్తుంది. జాయింట్, డ్యూయల్ డిగ్రీలకి నియమాలు వేరు. పేరు ఏదైనా, విదేశీ సంస్థ తరఫున దాని కోర్సుని ఇక్కడ ఇంకెవరో నడిపే ఫ్రాంచైజీ పద్ధతికి అనుమతి లేదు.

మారతహళ్ళి_నాన్న
మీరందరూ చెప్పినట్టు ఇవాళ వెళ్ళి అగ్రిమెంట్ చూపించమన్నాను. గంట కూర్చోబెట్టి రెండు పేజీలు ఇచ్చారు. ఉత్త ఎక్స్ఛేంజే. జర్మనీ యూనివర్సిటీతో ఒక్కటే నిజమైన అగ్రిమెంటు, ఏడాదికి రెండు సీట్లు, అన్ని బ్రాంచిలకీ కలిపి. వచ్చే ఏడు జూన్‌తో గడువు ముగుస్తుంది. మావాడు మూడో ఏడుకి వచ్చేది ఆ తర్వాతే. ఫీజు మాత్రం వాపసు లేదన్నారు.

వేళచ్చేరి_క్రెడిట్స్
రెన్యూవల్ క్లాజు ఎలా రాశారో చూడండి సార్. గడువు దానంతటదే పెరుగుతుందని ఉంటే ఒక రకం, మళ్ళీ ఇద్దరూ రాసుకోవాలని ఉంటే ఇంకో రకం.

మారతహళ్ళి_నాన్న
"ఇరుపక్షాల రాతపూర్వక అంగీకారంతో" అని ఉంది సార్.

వేళచ్చేరి_క్రెడిట్స్
అయితే ఈ ట్రాక్‌కి కట్టకండి. మామూలు సీటు తీసుకోండి. ఒప్పందం పొడిగిస్తే మూడో ఏడులో ట్రాక్ బయటి పిల్లలకీ నామినేషన్ అడగవచ్చా అని ప్రిన్సిపాల్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి.

తిప్పసంద్ర_సుజాత
మొదటి సెమిస్టర్ నుంచే ప్రతి సబ్జెక్టు సిలబస్ కాపీ, కాలేజీ స్టాంపుతో, దాచమనండి. మాస్టర్స్ దరఖాస్తులో సబ్జెక్టుల పోలిక అడిగినప్పుడు నాలుగేళ్ళ కిందటి సిలబస్ కోసం డిపార్ట్‌మెంట్ చుట్టూ తిరగాల్సి వస్తుంది. జర్మనీ అనుకుంటే ఇందిరానగర్ మాక్స్ ముల్లర్ భవన్‌లో రెండో ఏడు సెలవుల్లో ఏ1 (జర్మన్ భాష మొదటి మెట్టు) మొదలుపెట్టించండి. పాస్ గ్రేడ్ ఎంతో రాసిన లెటర్ మాత్రం ఆఖరి ఏడు దాకా ఆగకుండా తెచ్చుకోమనండి.