అప్‌డేట్: బేస్‌బాల్ మ్యాచ్‌కు వెళ్లి వచ్చాను

రెండున్నర గంటలకు పైగా సాగే బేస్‌బాల్‌లో అభిమానులు ఏం చూసి మురిసిపోతారని గత నెల అడిగాను. స్కోరు చేత్తో రాసుకుంటూ చూడమని మీలో కొందరు సలహా ఇచ్చారు. మొన్న ఆదివారం షికాగోలోని రిగ్లీ ఫీల్డ్‌లో అలాగే చేశాను.

1914లో ప్రారంభమైన ఆ మైదానంలో ఔట్‌ఫీల్డ్ ఇటుక గోడ నిండా ఐవీ తీగ అల్లుకుని ఉంటుంది; 1937 నాటి స్కోరుబోర్డులో అంకెలను నేటికీ మనుషులే మారుస్తున్నారు. పక్క సీటులోని పెద్దాయన, బ్యాటు ఊపి మూడో స్ట్రైక్‌కు (బ్యాటర్ కొట్టలేకపోయిన, లేదా కొట్టదగ్గదైనా వదిలేసిన బంతి స్ట్రైక్) ఔటైతే ఇంగ్లిషు ‘కె’ అక్షరం వేయాలని, ఊపకుండా నిలబడిపోయి ఔటైతే దాన్నే తిరగేసి రాయాలని తన గళ్ల కాగితంపై పెన్సిలుతో చూపించారు. సగం కథ ఆ అక్షరం తిరగడంలోనే ఉందని అప్పుడు తెలిసింది.

1908 తరువాత ఆ మైదానం సొంత జట్టు కబ్స్ మళ్లీ వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ లీగ్ ఫైనల్ పోరు) గెలిచింది 2016లోనే. అది చూడకుండానే తన తండ్రి పోయారని ఆయన మెల్లగా చెప్పారు. ప్రత్యర్థి గోడ దాటించి ప్రేక్షకుల్లోకి కొట్టిన హోమ్‌రన్ బంతి చేతికి చిక్కినా, దాచుకోకుండా మైదానంలోకి విసిరేయడం అక్కడి ఆనవాయితీ (నాకైతే మనసొప్పేది కాదు).

అయిదో ఇన్నింగ్స్‌లో నా లెక్క తప్పింది. వచ్చే నెలకు మళ్లీ టికెట్ తీసుకున్నాను. ఈసారి రబ్బరు కూడా తీసుకెళ్తాను.