టస్కీగీ నర్సు యూనిస్ రివర్స్‌ను దోషి అనవచ్చా?

చర్చకు పెట్టిన ప్రశ్న:
అమెరికాలోని అలబామా రాష్ట్రం, టస్కీగీ పట్టణం ఉన్న మేకన్ కౌంటీలో 1932 నుంచి 1972 వరకు ప్రభుత్వ ప్రజారోగ్య శాఖ సుమారు 600 మంది నల్లజాతి పురుషులను పరిశీలనలో ఉంచింది. వారిలో 399 మందికి సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్నా ఆ మాట చెప్పకుండా, వైద్యం చేస్తున్నామని నమ్మించి, జబ్బు ముదిరితే ఏమవుతుందో నమోదు చేసింది. మొదటి నుంచీ ఆ రైతుకూలీలను పరీక్షలకు తీసుకువచ్చిన నర్సు యూనిస్ రివర్స్ కూడా నల్లజాతి మహిళే. ఆమెను దోషి అనవచ్చా?

మొదటి అభిప్రాయం:
అనకూడదు. 1922లో టస్కీగీలో నర్సింగు పూర్తి చేసిన ఆమె, పల్లెలు తిరిగే సంచార పాఠశాలతో వెళ్లి ఆరోగ్య విషయాలు బోధించారు. జాతి వేర్పాటు రాజ్యమేలుతున్న ఆ దక్షిణాదిలో నల్లజాతి నర్సు డాక్టరు మాటకు ఎదురుచెప్పి ఉద్యోగం నిలుపుకోగలిగేదని ఎలా అనుకుంటాం? పథకం వేసినదీ, ఫలితాలు ప్రకటించినదీ ప్రజారోగ్య శాఖ డాక్టర్లు.

రెండవ అభిప్రాయం:
అధికారం డాక్టర్లదేనన్న మీ మాట నిజం, కానీ ఫలితాల విషయంలో సవరణ అవసరం: 1953లో ఆ పరిశీలనపై వెలువడిన ఒక వ్యాసానికి మొదటి రచయిత రివర్సే. 1940ల మధ్య నాటికి పెన్సిలిన్ సిఫిలిస్‌ను నయం చేస్తుందని తేలిపోయింది. అంతకుముందే, సైన్యంలోకి పిలుపు వచ్చిన కొందరికి అక్కడి పరీక్షల వల్ల చికిత్స అందకుండా, ప్రజారోగ్య శాఖ వారి పేర్లను స్థానిక సైనిక నియామక బోర్డుకు ఇచ్చింది. శవపరీక్షకు ఒప్పుకుంటే అంత్యక్రియల ఖర్చు ఇస్తామన్న హామీని ఇంటింటికీ మోసినది రివర్స్. దిక్కులేని చావు చస్తామని భయపడే పేదవాడికి ఆ హామీ ఎంత పెద్దదో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వారు నమ్మినది వాషింగ్టన్‌ను కాదు, ఆమెను. ఆ నమ్మకమే లేకపోతే పరిశీలన అన్నేళ్లు సాగేది కాదని నా దృఢాభిప్రాయం.

అదే కాలంలో దక్షిణ కరోలినాలోని పైన్‌విల్‌లో మాడ్ కాలెన్ అనే నల్లజాతి నర్సు కూడా అటువంటి నమ్మకంతోనే పనిచేశారు. డాక్టరు అందుబాటులో లేని పల్లెల్లో కాన్పులు చేసి, మంత్రసానులకు శిక్షణ ఇచ్చారు. 1951లో లైఫ్ పత్రికలో ఆమె చిత్రకథనం చూసిన పాఠకులు పంపిన విరాళాలతో 1953లో అక్కడ వైద్యశాల వెలిసింది. అయితే ఆమెపై ఎవరూ చికిత్స ఆపే పని మోపలేదు గనుక, ఇద్దరినీ ఒకే త్రాసులో తూచలేము. రివర్స్‌ది తప్పే, పెన్సిలిన్ వచ్చాక అది మరీ పెద్దదైంది.

మొదటి అభిప్రాయం రాసినవారి జవాబు:
పెన్సిలిన్ తరువాతి కాలం గురించి మీ వాదనను అంగీకరిస్తున్నాను. కానీ 1958లో రివర్స్‌కు పురస్కారమిచ్చినది కేంద్ర ప్రభుత్వ శాఖే. బాధితుల దావాలో 1974లో సుమారు కోటి డాలర్ల పరిహారానికి ప్రభుత్వం ఒప్పుకుంది గాని, ఆ పరిశీలన నడిపిన డాక్టర్లలో ఒక్కరిపై కూడా క్రిమినల్ కేసు నడవలేదు. కనుక దోషుల పట్టికలో ఆమె పేరు రాయవలసి వస్తే, ఆ డాక్టర్ల పేర్ల తరువాతే రాయాలి.