డీబీఎంఎస్ మొదటి కోర్సులో బీసీఎన్ఎఫ్ ఎందుకండీ?

మూడోబెంచి
మాకు ఈ సెమిస్టర్‌లో డీబీఎంఎస్ (డేటాబేస్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) మొదటి కోర్సు. సగం అయిపోయింది. ఇప్పటిదాకా ఈఆర్ డయాగ్రమ్, రిలేషనల్ ఆల్జీబ్రా, ఫంక్షనల్ డిపెండెన్సీలు (ఒక కాలమ్‌ను బట్టి ఇంకోటి తెలియడం), వాటి నుంచి లెక్కగట్టే క్లోజర్లు, నార్మల్ ఫారమ్‌లు (ఒకే విషయం రెండు చోట్ల రాకుండా టేబుళ్లు విడగొట్టే మెట్లు). ఇంతే. కంప్యూటర్ మీద ఒక్క టేబుల్ కూడా తయారు చేయలేదు. నిన్న మిడ్ పేపర్లు ఇచ్చారు, నార్మలైజేషన్ ప్రశ్నకు నాకు పదికి రెండు. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఎవరైనా బీసీఎన్ఎఫ్ (థర్డ్ నార్మల్ ఫారమ్ కంటే కఠినమైన మెట్టు) వాడతారా? ముందు ఎస్క్యూఎల్ (డేటాబేస్‌ను అడిగే భాష) నేర్పి ఇదంతా తర్వాత చెప్తే ఏం పోతుంది?

రాత్రిడ్యూటీ
తొమ్మిదేళ్లుగా డేటాబేస్‌ల మీదే బతుకుతున్నాను. బీసీఎన్ఎఫ్ అన్న మాట ఒకే ఒక్కసారి విన్నాను, అదీ ఇంటర్వ్యూలో. రోజూ కావలసినవి జాయిన్ (టేబుళ్లను కలిపి చదవడం), గ్రూప్ బై, ఇండెక్స్, ట్రాన్సాక్షన్. నాట్ ఇన్ పెట్టినప్పుడు లోపలి క్వెరీలో ఒక్క నల్ (విలువ లేని గడి) ఉన్నా బయటికి ఒక్క రో (వరస) కూడా రాదు. ఆ సంగతి తెలియక ఒక రాత్రంతా ఖాళీ రిపోర్టు ముందు కూర్చున్నాను. కాలేజీలో నాకది ఎవరూ చెప్పలేదు. క్లోజర్లు మాత్రం చెయ్యి నొప్పి పుట్టేలా రాయించారు.

చాక్‌పీస్
ఈ కోర్సు చాలా ఏళ్లుగా చెబుతున్నాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను. డేటాను టేబుళ్లుగా పెట్టాలన్న కాడ్ రిలేషనల్ మోడల్ పేపర్ 1970లో వచ్చింది. చాంబర్లిన్, బాయ్స్ ఇద్దరూ సీక్వెల్ అనే భాషను, అంటే ఇప్పటి ఎస్క్యూఎల్‌ను, 1974లో బయటపెట్టారు. మోడల్ ముందు, భాష తర్వాత. ఏ డేటా ఏ టేబుల్‌లో ఉండాలో తెలియనివాడికి సెలెక్ట్ నేర్పితే, తప్పు టేబుల్ నుంచి వేగంగా తప్పు జవాబు తీస్తాడు. ఫోన్ నంబర్లన్నీ ఒకే కాలమ్‌లో కామాలు పెట్టి నింపే ఉద్యోగులను నేను చూశాను. వాళ్లందరికీ జాయిన్ బ్రహ్మాండంగా వచ్చు.

రాత్రిడ్యూటీ
> మోడల్ ముందు, భాష తర్వాత

కనిపెట్టిన వరుసలోనే నేర్పాలని ఎక్కడుంది సార్? ఎవరికైనా మాటలు వచ్చాకే కదా వ్యాకరణం చెప్పేది. ముందు రెండు టేబుళ్లు చేసి, డేటా నింపి, ఒకే అడ్రస్ నలభై చోట్ల మార్చాల్సి వచ్చి విసుగెత్తితే, నార్మలైజేషన్ ఎందుకో వాళ్లే అడుగుతారు.

ఇండెక్స్‌లేదు
ఇప్పుడు ఎస్క్యూఎల్ ఏఐ రాసేస్తుంది. రెండూ వద్దు, కోర్సే తీసేయండి.

సున్నావరస
అది రాసిన క్వెరీ ఒప్పో తప్పో ఎవరు చూస్తారు, మీ తాతగారా?

చాక్‌పీస్
వ్యాకరణం పోలిక ఇక్కడ అతకదు. మాట తప్పుగా అంటే ఎదుటివాడు సర్దుకుంటాడు. టేబుల్ తప్పుగా కడితే దాని మీద పది అప్లికేషన్లు లేస్తాయి, తర్వాత దాన్ని కదిలించే ధైర్యం ఎవరికీ ఉండదు.

రాత్రిడ్యూటీ
కట్టుకథలు వద్దు, జరిగింది చెప్తాను. నా మొదటి ఉద్యోగంలో బిల్లింగ్ డేటాబేస్ మీలాంటి థియరీ మనిషి డిజైన్ చేశారు. కస్టమర్ అడ్రస్ కస్టమర్ టేబుల్‌లో ఒక్క చోటే, వస్తువు ధర వస్తువుల టేబుల్‌లో ఒక్క చోటే. పుస్తకంలో ఉన్నట్టే ఉంది. కస్టమర్ ఇల్లు మారిన రోజున పాత బిల్లులన్నిటి మీదా కొత్త అడ్రస్ వచ్చింది. ధర పెంచిన రోజున పోయిన ఏడాది బిల్లుల మొత్తాలు మారిపోయాయి. ఆడిట్‌లో సమాధానం చెప్పుకున్నది నేను. నార్మలైజేషన్ మితిమీరితే ఇదీ గతి.

చాక్‌పీస్
అది నార్మలైజేషన్ మితిమీరడం కాదు, డిపెండెన్సీ సరిగా రాసుకోకపోవడం. కస్టమర్ ఇప్పటి అడ్రస్ ఒక విషయం, ఆ బిల్లు వేసినప్పటి అడ్రస్ ఇంకో విషయం. మొదటిది కస్టమర్ నంబర్‌ను బట్టి తెలుస్తుంది, రెండోది బిల్లు నంబర్‌ను బట్టి. ధరైతే బిల్లు నంబర్, వస్తువు రెండూ కలిస్తే తెలుస్తుంది. వీటిని వేరువేరుగా ఉంచినా థర్డ్ నార్మల్ ఫారమ్ ఎక్కడా చెడదు. మీ డిజైనర్‌కు థియరీ ఎక్కువై కాదు, తక్కువై ఆ బిల్లులు పాడయ్యాయి.

రాత్రిడ్యూటీ
తప్పు జరిగిన ప్రతిసారీ 'అది అసలైన థియరీ కాదు' అనడం భలే సుఖంగా ఉంటుంది సార్.

లాబ్‌తాళాలు
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా ల్యాబ్‌లో ఎస్క్యూలైట్ వాడతాం. ఫారిన్ కీ (ఇంకో టేబుల్‌లో ఉన్న విలువే రావాలనే రూల్) పెట్టాక కూడా లేని నంబర్లు ఎక్కేస్తున్నాయని పిల్లలు ప్రతి ఏడాదీ గోల పెడతారు. ప్రతి కనెక్షన్‌లోనూ ప్రాగ్మా ఫారిన్ కీస్ అనే సెట్టింగ్ ఆన్ చేయాలి, లేకపోతే అది పట్టించుకోదు. పాత మైఎస్క్యూఎల్ కూడా అంతే, 8.0.16కి ముందు చెక్ (విలువకు పెట్టే షరతు) రాస్తే చదివి పక్కన పడేసేది. బోర్డు మీద రాసిన రూల్ మెషీన్‌లో అమలైందో లేదో చూడాలంటే ల్యాబ్ మొదటి వారం నుంచే ఉండాలి. నా మాట ఎవరూ వినరు, అది వేరే సంగతి.

మూడోబెంచి
నా ప్రశ్న ఇక్కడ పెడుతున్నాను, మీరే చెప్పండి. టేబుల్‌లో మూడు కాలమ్‌లు: విద్యార్థి, సబ్జెక్టు, ట్యూటర్. ఒక ట్యూటర్ ఒకే సబ్జెక్టు చెప్తారు. ఒక విద్యార్థికి ఒక సబ్జెక్టులో ఒకే ట్యూటర్. నేను ఒక్క టేబుల్‌గానే ఉంచి, ఎందుకో రాశాను. జవాబుల కీలో మాత్రం (ట్యూటర్, సబ్జెక్టు), (విద్యార్థి, ట్యూటర్) అని రెండు ముక్కలు.

చాక్‌పీస్
జవాబుల కీ సరైనదే. ట్యూటర్ → సబ్జెక్టు అనే డిపెండెన్సీ ఉంది, కానీ ట్యూటర్ ఒక్కటే ఆ టేబుల్‌కు కీ (ఒక్కో వరసను గుర్తించేది) కాదు. కాబట్టి బీసీఎన్ఎఫ్ కాదు, విడగొట్టాలి.

రాత్రిడ్యూటీ
విడగొట్టాక ఒకే విద్యార్థికి ఒకే సబ్జెక్టులో ఇద్దరు ట్యూటర్లను ఇవ్వచ్చు. రెండు టేబుళ్లలో ఏదీ అడ్డు చెప్పదు. రెండో రూల్ గాలికి పోయింది. ఇదా సరైన డిజైన్?

చాక్‌పీస్
అది తెలిసిన విషయమే. బీసీఎన్ఎఫ్‌కు వెళ్తే కొన్నిసార్లు డిపెండెన్సీ నిలవదు, థర్డ్ నార్మల్ ఫారమ్‌లో ఎప్పుడూ నిలుపుకోవచ్చు. అందుకే రెండూ చెబుతాం.

రాత్రిడ్యూటీ
చెబుతారు. తర్వాత థర్డ్ నార్మల్ ఫారమ్‌లో ఆగి కారణం రాసిన అమ్మాయికి రెండు మార్కులు వేస్తారు.

చాక్‌పీస్
ఆ పేపర్ దిద్దింది నేను కాదు. ప్రశ్నలో 'బీసీఎన్ఎఫ్‌లోకి మార్చండి' అని ఉంటే ఆగడం తప్పే.

సున్నావరస
ఉందా మరి?

మూడోబెంచి
లేదు. 'ఈ రూల్స్‌కు తగిన డిజైన్ ఇచ్చి కారణం రాయండి' అని ఉంది. ఇంకో విషయం, నేను అమ్మాయిని కాదు, అబ్బాయిని.

రాత్రిడ్యూటీ
సారీ తమ్ముడూ. సార్, ఇప్పుడు చెప్పండి. ఇతను రాసింది మీరు క్లాసులో చెప్పేదే కదా. కారణంతో సహా రాశాడు. అయినా రెండు మార్కులు. మీకు కావలసింది డిజైన్ కాదు, జవాబుల కీతో పోలిక కుదిరే జవాబు. ఇరవై ఏళ్లుగా అదే ట్యూటర్ టేబుల్, అవే ఏ, బీ, సీ, డీ అక్షరాల క్లోజర్లు. ఎందుకంటే అవి చూడకుండా దిద్దచ్చు.

చాక్‌పీస్
అవును, దిద్దచ్చు! నా చేతికి నూట ముప్పై పేపర్లు వస్తాయి, మూడు రోజుల్లో మార్కులు ఎక్కించాలి. ఒకసారి పరీక్ష తగ్గించి ప్రాజెక్టు పెట్టి చూశాను. ముప్పై గ్రూపుల్లో పదకొండు గ్రూపులవి ఒకే లైబ్రరీ డేటాబేస్, టేబుల్ పేర్లలో అక్షరదోషాలతో సహా. వాళ్లను ఒక్కొక్కరినీ పిలిచి అడిగేసరికి సెమిస్టర్ అయిపోయింది. ఫిర్యాదు మాత్రం నా మీదే వచ్చింది. ముందు ఎస్క్యూఎల్ చెబుదామంటే నాకేం అభ్యంతరం? చెప్పినదాన్ని ఎలా పరీక్షించాలో చెప్పండి.

రాత్రిడ్యూటీ
అలాగైతే ఆ ముక్క మొదటి పోస్టులోనే రాయాల్సింది సార్. కాడ్ దాకా వెళ్లక్కర్లేదు.

లాబ్‌తాళాలు
పిల్లలు చేసిన టేబుళ్లలోకి పది తప్పు వరసలు ఎక్కించి, ఎన్నింటిని ఆపిందో లెక్కపెడితే సరి. స్క్రిప్టు నేను రాసిపెడతాను. పోయినేడు కూడా చెప్పాను.

చాక్‌పీస్
తప్పు వరసలను ఆపడం వరకు సరే. ఒకే విషయం రెండు చోట్ల రాసిన డిజైన్‌ను మీ స్క్రిప్టు పట్టుకోలేదు. అది మనిషి చదవాలి.

రాత్రిడ్యూటీ
ఒప్పుకుంటాను. తమ్ముడూ, నీ జవాబుకు ఒక్కటి కలిపితే సరిపోయేది. ట్యూటర్ టేబుల్ విడిగా పెట్టి, ట్యూటర్‌ను దానికి ప్రైమరీ కీ చేసి, అందులో (ట్యూటర్, సబ్జెక్టు) జంటను కూడా యునీక్ చెయ్యి. నీ మూడు కాలమ్‌ల టేబుల్‌కు (విద్యార్థి, సబ్జెక్టు) ప్రైమరీ కీ, (ట్యూటర్, సబ్జెక్టు) జంట అక్కడికి ఫారిన్ కీ. సబ్జెక్టు రెండు చోట్ల ఉంటుంది, కానీ రెండూ తేడా రావడానికి వీల్లేదు. రెండు రూల్స్ నిలుస్తాయి.

చాక్‌పీస్
ఇది బాగుంది. బీసీఎన్ఎఫ్ కాదు గానీ బాగుంది. బాబూ, పేపర్ తీసుకెళ్లి మీ సార్‌ను ఒకసారి అడుగు.

మూడోబెంచి
ఈ రోజు అడిగాను. జవాబుల కీలో అలా లేదన్నారు. సోమవారం నుంచి ల్యాబ్ ఉందట, ఈ టేబుళ్లే చేసి చూపిస్తాను.

లాబ్‌తాళాలు
ఎస్క్యూలైట్ అయితే ప్రాగ్మా ఆన్ చేయడం మర్చిపోకు.